చిలకమ్మ పేరు మీద

"షట్టరు ఎత్తకండి మావయ్యా. ఇవాళ వంట లేదు."

కోడలు ఆ మాట గొంతు పెంచకుండానే అంది. తవిటయ్య కొక్కెం మీద నుంచి చెయ్యి తీసేశాడు. షట్టరు నడుము ఎత్తున ఆగిపోయింది. బెంగాల్లోని ఆ రైల్వే ఊళ్లో, ప్రేమ్ బజార్లో ఆ మెస్సు పెట్టిన పద్దెనిమిదేళ్లలో, లాక్‌డౌను సంగతి వదిలేస్తే, పొయ్యి వెలగనిది పదకొండు రోజులే. భార్య చిలకమ్మ పోయినప్పుడు. పన్నెండోనాడు ఈ మీనాకుమారే తలంటుకుని వచ్చి, అత్తగారి గరిటె పట్టుకుని నిలబడింది.

అలాంటి మనిషి ఇవాళ మధ్యాహ్నం మూడయినా బియ్యం కడగలేదు.

బయట సైకిళ్లు ఆగుతున్నాయి. కాలేజీ పిల్లలు వంగి షట్టరు కింద నుంచి లోపలికి చూసి, లోపలున్న ముగ్గురి మొహాలూ చూసి, ఏమీ అడగకుండా వెళ్లిపోతున్నారు. అడగకపోవడమే పుణ్యం అనుకున్నాడు తవిటయ్య.

మూడో మనిషి ఆయన చిన్నకొడుకు బుజ్జిబాబు. గోడవార ఆఖరి బల్ల దగ్గర, మూసిన లాప్‌టాప్ మీద రెండు చేతులూ ఆనించి కూర్చున్నాడు. ముప్పై ఏళ్లు నిండలేదు, కళ్ల కింద మాత్రం నలభై ఏళ్ల నలుపు.

"సెప్పు," అంది మీనాకుమారి. "నిన్న నాకు సెప్పినావు కదా. ఇవాళ మీ నాన్నకి సెప్పు."

"ఏటి సెప్పమంటావు వదినా? అమ్మీసినాను. అంతే."

"ఏటి అమ్మీసినావు?"

"పేరు."

"ఎవరి పేరు?"

బుజ్జిబాబు తలెత్తి ఫ్యాను వైపు చూశాడు.

"మీ అమ్మ పేరు," అంది మీనాకుమారి. "నోరు తిరగడం లేదు గానీ, అమ్మడానికి మాత్రం సెయ్యి తిరిగింది."

తవిటయ్యకి అప్పటికి సగమే తెలుసు. హాస్టళ్లలో పిల్లలు ఫోను తీసి 'సిలకమ్మ డాట్ కిచెన్' అని కొడితే ఆ పూట కూరలేమిటో కనిపిస్తాయి. వేలితో నొక్కితే ఇక్కడ మీనాకుమారి ఫోను మోగుతుంది. క్యారేజీ డబ్బాల మూతల మీద అదే పేరు, మెస్సు గోడ మీద అదే పేరు. ఇప్పుడు ఆ పేరు బెంగుళూరులో ఒక కంపెనీకి వెళ్లిపోతోందట. నిన్న సాయంత్రం ఒక విద్యార్థి ఆ కంపెనీ ప్రకటన తెచ్చి చూపించేదాకా ఇంట్లో ఎవరికీ తెలియదు.

"సోమవారం నుంచి సిలకమ్మ డాట్ కిచెన్‌లో ప్యాకెట్టు కూరలట మావయ్యా. వేడి నీళ్లలో పెట్టి తినీడమే. ఇక్కడి పిల్లలు పులుసు కోసం మన పేరు కొడితే, ఆల్ల ప్యాకెట్టు వస్తాది."

"ఊరికో సిలకమ్మ ఉంటాది వదినా. ఆ పేరేటి మన సొంత ఆస్తా?"

"ఊరికో చిలకమ్మ ఉంటాది." మీనాకుమారి ఆ 'చి'ని పళ్ల మధ్య పెట్టి నొక్కి పలికింది. "ఎస్సుతో రాసిన సిలకమ్మ ఎక్కడున్నాది? ఈ బోర్డు మీద తప్ప ఇంకెక్కడైనా ఉందేటి? సూపించు."

బుజ్జిబాబు మళ్లీ ఫ్యాను వైపు చూశాడు.

బోర్డు రాసిన రోజు తవిటయ్యకి గుర్తుంది. పెయింటర్ దాదా బెంగాలీ. పేరేమిటి దీదీ అని అడిగితే చిలకమ్మ, వాళ్ల వైపు మనుషులందరూ పలికినట్టే, 'సిలకమ్మ' అంది. అతను విన్నది విన్నట్టు ఇంగ్లీషు అక్షరాల్లో ఎస్సుతో మొదలుపెట్టేశాడు. రంగు ఆరాక ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీ నుంచి పాఠం చెప్పే మాస్టారొకాయన వచ్చి తప్పు పట్టాడు. దిద్దిస్తానని తవిటయ్య బయల్దేరితే చిలకమ్మ అడ్డుపడింది. "నా నోట్లో ఉన్నదే రాసినాడు. ఒగ్గీ."

ఆ తప్పే ఇప్పుడు గిరాకీ సరుకు అయింది.

"అసలు ఎవరడిగినారు నిన్ను?" అన్నాడు తవిటయ్య. ఆ రోజు ఆయన నోట వచ్చిన మొదటి మాట అది.

"ఆల్లే అడిగినారు నాన్నా. నేను ఎవరి ఎనకాలా పడలేదు."

"నీ దగ్గర వందల పేర్లున్నాయి గదా. ఆటిల్లో ఒకటి ఇవ్వలేకపోయినావా?"

మీనాకుమారి నవ్వింది. నవ్వులా వినిపించలేదది. "ఆటిని కుక్కలు కూడా ముట్టవు మావయ్యా."

మూడు వందల నలభై పేర్లు. నాలుగేళ్లుగా బుజ్జిబాబు చేస్తున్న వ్యాపారం అదే. డాట్ కామ్ పేర్లన్నీ ఎప్పుడో పెద్దవాళ్లు పట్టుకుపోయారు. ఆ తరువాత కొత్త తోకలు వచ్చాయి. డాట్ షాప్, డాట్ ఆన్‌లైన్, డాట్ కిచెన్. ఎవరికో ఎప్పుడో పనికొస్తుందనుకున్న పేరుకి ఆ తోక తగిలించి, ముందే కొని దాచుకుని, ఆ ఎవరో వచ్చినప్పుడు పది రెట్లకి అమ్మాలి. కొడుకు మొదట ఇది వివరించినప్పుడు తవిటయ్య సాంతం విని, "అంటే, రిజర్వేషను తెరిసిన నిమిషంలోనే బెర్తులన్నీ కొట్టేసి, పండగ ముందు బ్లాకులో అమ్మడం. అంతే గదా?" అన్నాడు. వర్క్‌షాపులో ముప్పై ఆరేళ్లు బోగీల కింద దూరి పని చేసిన మనిషికి అంతకంటే దగ్గర పోలిక దొరకలేదు.

"అది నేరం నాన్నా. ఇది ఇన్వెస్ట్‌మెంటు," అన్నాడు కొడుకు అప్పుడు.

నేరమో కాదో గానీ, ఎవరూ ఎక్కని బండికి బెర్తులు కొన్నట్టయింది. మొదటి ఏడాది ఒక్కో పేరుకీ ఒక టీ, రెండు సమోసాల ఖర్చు. రెండో ఏడు నుంచి అసలు ధర. కట్టకపోతే పేరు చేతిలోంచి జారి మళ్లీ సంతలో పడుతుంది. కడుతూ పోతే మనిషి జారిపోతాడు. ఈ నాలుగేళ్లలో ఎవరైనా వచ్చి, ఇది కావాలి అని అడిగిన పేరు ఒకే ఒక్కటి. అమ్మడానికి కొననిది అదొక్కటే.

మీనాకుమారి లోపలికి వెళ్లింది. వంట లేదన్న మనిషే నిన్నటి అన్నంలో పెరుగు కలిపి రెండు పళ్లేల్లో తెచ్చింది. ఒకటి మామగారి ముందు పెట్టింది. రెండోది బుజ్జిబాబు బల్ల మీద, అతని మొహం చూడకుండా పెట్టి, ఈగలు వాలకుండా మూత బోర్లించింది. ఆ మూత మీద కూడా ఆ పేరే ఉంది.

ఎవరూ పళ్లెం ముట్టుకోలేదు.

"ఎనక్కి తేలేవా?" అన్నాడు తవిటయ్య.

"నా సేతుల్లో లేదు. పేరు మార్సుకునే కోడు నంబరు ఆల్లకి ఇచ్చీసినాను. ఐదు రోజులు టయిం ఉంటాది. ఐదు రోజుల్లో ఎవరూ వొద్దనకపోతే, ఒప్పుకున్నట్టే లెక్క. దానంతటదే ఎల్లిపోతాది."

"ఎన్నో రోజు ఇది?"

"ఐదో రోజు."

"ఎన్ని గంటలకి?"

"ఐదింటికి."

గోడ గడియారం మూడూ నలభై చూపిస్తోంది. మీనాకుమారి కొంగు బిగించింది. "అయితే ఇప్పుడే వొద్దను. తియ్యి నీ లాప్‌టాపు."

"నేనంటే కుదరదు వదినా. పేరు ఎవరి మీద ఉందో ఆల్లు అనాల."

"ఎవరి మీద ఉంది? మీ అన్న మీదా? ఆయన గూడ్సు బండి మీద టాటానగర్ అవతల ఉన్నాడు. డ్యూటీలో ఫోను తియ్యడు. మావయ్య మీదా?"

బుజ్జిబాబు మూత మీది అక్షరాలని గోటితో గీకుతున్నాడు.

"అమ్మ మీద," అన్నాడు.

రోడ్డు మీద ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు.

"అదే నేను కొన్న మొదటి పేరు నాన్నా. అప్పటికి అమ్మ బాగానే ఉన్నాది. అమ్మకిద్దామని కొన్నాను. అందుకే అమ్మ పేరున, అమ్మ మెయిలు పెట్టినాను. మన పేజీ కింద ఉన్నదీ అదే. ఆ వొద్దంటే నొక్కమనే కాయితం ఆ మెయిలుకే ఎల్తాది."

"అంటే, సచ్చిపోయినావిడ లేచొచ్చి వొద్దనకపోతే, ఒప్పుకున్నట్టా?" మీనాకుమారి గొంతు మొదటిసారి పగిలింది. "ఇది తెలిసే సేసినావు కదూ? నోరు లేని మనిషి పేరు మీద ఉందని తెలిసే సేసినావు."

బుజ్జిబాబు తల అడ్డంగా ఊపలేదు. నిలువుగానూ ఊపలేదు.

"ఆ మెయిలు తెరువు."

"తెరవను."

"ఎందుకు?"

"తెరవను వదినా. కొట్టు, తిట్టు. అది మాత్రం తెరవను."

మీనాకుమారి తన ఫోను తీసి అత్తగారి మెయిలు తెరిచే ప్రయత్నం మొదలుపెట్టింది. పాస్‌వర్డు తెలియదు. మరిచిపోయాను అన్నచోట నొక్కింది. అది ఒక ఫోను నంబరు చివరి రెండంకెలు చూపించి, ఆ నంబరుకి కోడు పంపించమంటావా అని అడిగింది.

"ఇది అత్తయ్య నంబరు." ఆమె చేతులు జారవిడిచింది. "అయిపోయింది. మూడేళ్లయిపోనాది. ఆ సిమ్ము ఎప్పుడో పోయుంటాది."

"పంపమను," అన్నాడు తవిటయ్య.

ఆయన లేచి గల్లాపెట్టె కింది సొరుగు లాగాడు. పసుపు గుడ్డలో చుట్టిన బటన్ల ఫోను తీశాడు. ఒక బటను నొక్కితే తెర వెలిగింది.

బుజ్జిబాబు సగం లేచాడు. "ఆ సిమ్ము ఇంకా బతికే ఉందేటి?"

"నెలనెలా రీచార్జి ఏయించుతున్నాను," అన్నాడు తవిటయ్య, దొంగతనం ఒప్పుకుంటున్నవాడిలా. "పాత పిల్లలు ఎప్పుడైనా సేస్తారు. పిన్నీ, నేను పాసైపోనాను అంటారు. ఎత్తి, అలగే బాబూ అంటాను. అంతకంటే ఏటీ అనను."

ఫోను చేతిలో ఒకసారి వణికింది. ఆరంకెలు వచ్చాయి. ఆయన చదివాడు, కోడలు కొట్టింది.

చిలకమ్మ మెయిలు తెరుచుకుంది.

కావలసిన కాయితం పైనే ఉంది. 'చిలకమ్మ గారికి. మీ పేరున ఉన్న చిరునామా వేరొకరికి బదిలీ అవుతోంది. మీకు ఇష్టం లేకపోతే ఇక్కడ నొక్కండి. జవాబు రాకపోతే మీరు సమ్మతించినట్టే.' ఇంగ్లీషు ముక్కల్ని మీనాకుమారి ఒక్కొక్కటే తెలుగులో చెప్పింది. చెబుతూ చెబుతూ ఆగిపోయింది.

"మావయ్యా, ఇక్కడ ఇంకేవో ఉన్నాయి. అన్నీ ఒకరి దగ్గర్నుంచే. కిరణ్‌కుమారట."

"ఆడే కొన్నది," అన్నాడు బుజ్జిబాబు నేల చూస్తూ. "సదవొద్దు వదినా."

ఆమె అడుగున ఉన్నది తెరిచింది. రెండేళ్ల కిందటిది. తెలుగు మాటలే, ఇంగ్లీషు అక్షరాల్లో. పైకి చదివింది.

'పిన్నీ, నేను కిరణ్‌కుమార్‌ని, నరసరావుపేట. మూడో సంవత్సరంలో నాకు కామెర్లు వస్తే విడిగా పెసరకట్టు కాచి హాస్టలుకి పంపేవారు. గుర్తున్నానా? ఉద్యోగం పోయింది పిన్నీ. ఇంట్లో ఇంకా చెప్పలేదు. ఎందుకో మీకు చెప్పాలనిపించింది.'

దాని కింద జవాబు ఉంది. చిలకమ్మ పంపినట్టు. చిలకమ్మ పోయి అప్పటికి ఏడాది.

మీనాకుమారి చదవలేకపోయింది. ఫోను మామగారికి అందించింది. తవిటయ్య కళ్లజోడు సర్దుకుని, పెదాలు కదుపుతూ, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కున్నాడు.

'నానా కిరణూ, గుర్తు లేకేటి? పచ్చటి కళ్లేసుకుని వచ్చీవోడివి. ఉజ్జోగం పోతే పోనాది, తిండి మానకు. ముందు తిను. తిన్నాక ఆలోసించు.'

ముందు తిను, తిన్నాక ఆలోసించు. వర్క్‌షాపులో తోటి ఫిట్టరు చెయ్యి నలిగిపోయిన సాయంత్రం ఇంటికొచ్చి గుమ్మంలో కూలబడితే, ఆవిడ ఆయనతో అన్న మాట. ఆ గొంతు ఎత్తీ దించీ పలికే తీరు సహా అక్షరాల్లో ఉంది. తవిటయ్యకి ముందు వినిపించింది. ఆ తరువాతే కోపం రావాలని గుర్తొచ్చింది.

ఇంకోటి తెరిచాడు. ఇంకోటి. కిరణ్‌కుమార్ పదకొండు ఉత్తరాలు, పదకొండు జవాబులు. ఒకదాంట్లో అతనికి పెళ్లి తప్పిపోయింది. ఒకదాంట్లో తండ్రి పోయాడు. ఒకదాంట్లో పులుసులో బెల్లం ఎప్పుడు వెయ్యాలని అడిగాడు. చిలకమ్మ ప్రతిదానికీ రాసింది. బెల్లం ఆఖర్న, దించే ముందు. ఎక్కడా డబ్బు ఊసు లేదు, పేరు ఊసు లేదు.

పన్నెండోది రెండు నెలల కిందటిది. 'చిన్న కంపెనీ పెట్టాను పిన్నీ. మీ పేరే పెట్టుకుంటాను. బోర్డు మీద ఎలా ఉందో అలాగే, ఎస్సుతో. మీకు ఇష్టమైతేనే.'

'ఇష్టమే నానా. ఆ నెట్టు పేరు సంగతి మా బుజ్జి సూసుకుంటాడు.'

ఆ ఒక్క జవాబులోనే చిలకమ్మ గొంతు లేదు.

"రెండేళ్లు," అన్నాడు తవిటయ్య. "రెండేళ్లు మీ అమ్మలాగ రాసినావా?"

బుజ్జిబాబు మొహం చేతుల్లో దాచుకున్నాడు. "ఆడు పిన్నీ అని రాసినాడు నాన్నా. ఉజ్జోగం పోనాదని రాసినాడు. మీ పిన్ని సచ్చిపోనాది అని ఎలగ రాయను? ఆ ఒక్కటికి జవాబు రాసి ఆపీద్దామనుకున్నాను. మళ్లీ రాసినాడు. రాస్తుంటే..." చేతులు దించాడు. "రాస్తున్నంతసేపూ అమ్మ పక్కనే ఉన్నట్టుండేది. ఏటి రాయాలో నాకు సెప్పినట్టుండేది."

"పన్నెండోది కూడా అమ్మే సెప్పిందేటి?" అంది మీనాకుమారి.

అతను లాప్‌టాప్ మీద అరచెయ్యి ఆనించాడు. "డబ్బు కట్టలేక ఈ నెలాఖరుకి నా పేర్లన్నీ పోతున్నాయి వదినా. నాలుగేళ్లు. ఈ డబ్బుతో ఒక్కటైనా నిలబెట్టుకుందామని..." అని ఆగిపోయాడు.

"అందుకని అమ్మని అమ్మినావు. దొంగవి. పరాయివాళ్లని మోసం సేసినోడు దొంగ. సచ్చినోళ్ల నోటితో మోసం సేసినోడిని ఏమనాలో నాకు తెలీదు."

తవిటయ్య గడియారం వైపు చూశాడు. నాలుగూ ముప్పై ఐదు.

కొడుకుని కొట్టాలో, దగ్గరికి తీసుకోవాలో ఆయనకి తెలియలేదు. తనకి ఆ సొరుగులో ఫోను ఉన్నట్టే వీడికి ఈ ఉత్తరాలున్నాయి. ఆ మాట పైకి అంటే కోడలికి అన్యాయం చేసినట్టవుతుంది. ఆమె ఈ మూడేళ్లూ పొయ్యి దగ్గర ఒళ్లు కాల్చుకుంది.

"ఎక్కడ నొక్కాల?" అన్నాడు.

మీనాకుమారి చూపించింది. బొత్తాం మీద ఇంగ్లీషులో ఉన్నది ఆయనకి తెలుగులో చెప్పింది. 'చిలకమ్మ అనే నేను ఈ బదిలీకి ఒప్పుకోవడం లేదు.'

తవిటయ్య వేలు చొక్కాకి తుడుచుకుని నొక్కాడు. తెర ఒకసారి తెల్లగా మెరిసి, బదిలీ ఆగిపోయిందని చెప్పింది. మీనాకుమారి బల్ల అంచు పట్టుకుని కూర్చుండిపోయింది. బుజ్జిబాబు కదల్లేదు. అతనికి ఆ నొక్కుడుతో ఏం పోయిందో అతనికే తెలుసు.

పది నిమిషాలు గడిచాయి. పెరుగన్నం ఎండుతోంది. మీనాకుమారి లేచి, ఇంకో గరిటెడు పెరుగు తెచ్చి రెండు పళ్లేల్లోనూ వేసింది.

అప్పుడు ఫోను చిన్నగా మోగింది. కొత్త ఉత్తరం.

'పిన్నీ, ఇప్పుడే తెలిసింది. మీరు వద్దంటే వద్దే. బోర్డు మార్చుకుంటాను, ప్యాకెట్లు మార్చుకుంటాను. నాకు కోపం లేదు. ఒక్కటి మాత్రం చెప్పండి. వద్దన్నది మీరేనా, మీ పేరు మీద ఇంకెవరైనానా? మీరే అయితే ఇంక ఒక్క మాట అడగను.'

ముగ్గురూ ఆ తెర వైపే చూశారు.

"నిజం రాసీ," అన్నాడు తవిటయ్య.

"రాస్తాను నాన్నా. రాస్తే ఏటవుతాదో కూడా విను." బుజ్జిబాబు గొంతులో పంతం లేదు, అలసట ఉంది. "సచ్చిపోయినావిడ వొద్దందంటే ఆ వొద్దనడం సెల్లదు. ఆడు మంచోడే, ఊరుకుంటాడేమో. ఆడి ఎనకాల డబ్బు పెట్టినోళ్లు ఊరుకోరు. పేరు మళ్లీ లాక్కుపోతారు. ఈసారి వొద్దనడానికి మనకి మనిషి ఉండదు."

మీనాకుమారి బొగ్గు మరకలున్న తన అరచేతులు చూసుకుంది. ఆ తరువాత ఫోను తీసి, మెల్లగా, మరిది ముందుకి జరిపింది.

"నేనే వొద్దన్నాను నానా అని రాయి."

"వదినా..."

"అత్తయ్య మాటలు నీకే వచ్చు. నేను రాస్తే ఆడికి తెలిసిపోతాది." ఆమె ఎవరి వైపూ చూడడం లేదు. "ఈ ఒక్కసారికి రాయి."

పావుగంట కిందట దొంగ అన్న నోటితోనే ఆమె ఆ మాట అంది. అన్నాక మొహం పక్కకి తిప్పుకుంది. బుజ్జిబాబు ఫోను ముట్టుకోలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని తండ్రి వైపు చూశాడు.

"నువ్వు సెప్పు నాన్నా. నువ్వు ఏటంటే అదే రాస్తాను."

తవిటయ్య కోడలిని చూశాడు. కొడుకుని చూశాడు. నరసరావుపేట నుంచి వచ్చి కామెర్లతో ఈ బల్ల దగ్గర కూర్చున్న కుర్రాడి మొహం గుర్తు తెచ్చుకోబోయాడు, రాలేదు.

"ఇలగ తే," అన్నాడు. "నాను రాస్తాను."

ఫోను దగ్గరికి లాక్కున్నాడు. కళ్లజోడు పైకి తోసుకున్నాడు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, బిగుసుకున్న పాత ఫిట్టరు వేలితో కొట్టడం మొదలుపెట్టాడు.

'నానా కిరణూ,'

ఆ రెండు మాటలూ చిలకమ్మవే. అక్కడ వేలు ఆగింది. మూడో మాట ఎవరిదో ఆయనకి ఇంకా తెలియదు.